తలుపు వేసుకుని చేసే ఉద్యోగం

ఇంటి నుంచి పని చేసుకోమన్న రోజున కంపెనీ వాళ్లు జాగ్రత్తలు రాసి పంపారు. తలుపు వేసుకోవాలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేచి వెళ్తే స్క్రీన్ లాక్ చెయ్యాలి. అన్నీ చేశాను. అవి రాసినవాళ్లు నాలుగు భాషలు కలిసిన ఈ బెంగాల్ ఊళ్లో, మా ఖరగ్‌పూర్‌లో, ఒక్క పూట కూడా ఉండి ఉండరు. ఇయర్‌ఫోన్లు మా మేనేజర్ గొంతును దాచాయి గాని, నా గొంతును ఎవరు దాస్తారు? వేరే ఊళ్లో అయితే ఇంట్లోవాళ్లకు రాని భాషలోకి మారిపోవచ్చు. మా అమ్మకు తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ వచ్చు, ఒడియాలో చేపలు బేరమాడుతుంది. ఇక నేను ఏ భాషలోకి పారిపోను?

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. ఆ మధ్యాహ్నం మేనేజర్‌తో మాట్లాడింది బెంగాలీలో. ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగం, పెయింట్ షాపు, మూసేస్తున్నారు, అందులోని కాంట్రాక్టు వాళ్లందరినీ దుర్గా పూజలయ్యాక పంపేస్తారు. ప్రకటించేదాకా ఎవరికీ చెప్పకూడదు. నేను తలుపు తీసేసరికి అమ్మ చింతపండు పిసుకుతున్నదల్లా ఆగిపోయి ఉంది.

"పక్కింటి దీదీ కొడుకు పనిసేసేది అందులోనే కదేటే?"

"నువ్వేమీ వినలేదమ్మా," అన్నాను.

మర్నాడే ఆ పక్కింటావిడ వచ్చింది. నేను కాకీమా అంటాను, మన పిన్ని లాగా. బెంగాలీ ఆవిడే, కానీ తెలుగు మా అమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం అమ్మలాగే మాట్లాడుతుంది. కొడుక్కి రూర్కెలాలో వేరే ఉద్యోగం వచ్చిందట. శనివారంలోగా జవాబివ్వాలట.

"నువ్వు ఆడి కంపెనీలోనే ఉన్నావు కదమ్మా. ఆడిక్కడే ఉండొచ్చా, ఎల్లిపోమంటావా? నువ్వెలా సెప్తే అలాగే."

మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. చిన్నప్పుడు నాకు చేపలో ముళ్లు తీసి అన్నం కలిపి పెట్టిన మనిషి ఆవిడ. కంపెనీ మీద మండింది. నన్నే ఎందుకడగాలని కాకీమా మీద కూడా మండింది.

"ఆఫీసు సంగతులు నేను చెప్పకూడదు కాకీమా. వాడి ఇష్టం," అన్నాను. ఆ మాటతోనే ఆవిడకు అనుమానం వస్తుందని నా ఆశ.

ఆవిడ ముఖం విప్పారింది. "సెడ్డ కబురైతే నువ్వు ఊరుకుంటావేటి? బతికించినావు," అని లేచింది. వెళ్తూ వెళ్తూ అమ్మ వైపు తిరిగి, "అంతే కదా దీదీ?" అంది.

అమ్మ అవునన్నట్టు తల ఊపింది.

వాడు రూర్కెలా వద్దని చెప్పేశాడు. కొడుకు కళ్లెదుటే ఉంటాడన్న సంతోషంలో కాకీమా గిన్నెడు పాయేష్, వాళ్ల పాయసం, తెచ్చిచ్చింది. అమ్మ దాన్ని ముట్టలేదు. నేను గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. ఉండబట్టలేక, "పోనీ, నువ్వైనా చెప్పాల్సింది," అని అమ్మ మీద పడ్డాను.

అంతకుముందెప్పుడూ అమ్మ నన్ను అలా చూడలేదు.

"సెప్తే నీ ఉజ్జోగం పోద్దని ఊరుకున్నాను. ఆ పిల్లడి కన్నా నువ్వే ఎక్కువైపోనావు నాకు. ఆల్ల గడప ఎలా తొక్కనే ఇంక? రేపట్నుంచి ఆఫీసుకే ఎల్లిపో. నీ రగస్యాలు నాకు ఇనిపించకు."