కాకర పందిరికి కట్టిన ముంతలు

మొన్న షాద్‌నగర్ దగ్గర మా మనవరాలి కాకరతోటకు వెళితే, పులిసిన బెల్లం వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. మందు కొట్టకుండా పండు ఈగలను పట్టడానికి పందిరికి సీసాలు కట్టింది.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన రోజుల్లో, మర్రిగూడలో మా పెరడంతా ఇదే వాసన. ఈగ కుట్టి కాకర పిందెలు పుచ్చిపోతున్నాయని అమ్మ ముంతల్లో బెల్లం నీళ్ళు పోసి పందిరికి వేలాడదీసింది. ఎందుకో ఆరేళ్ళ నాకు ఎవరూ చెప్పలేదు. మిలిటరీ వెతుకుతున్న కమ్యూనిస్టు సంఘం వాళ్ళు ముంతల్లో బాంబులు పెడతారని ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం మాత్రం విన్నాను. పైగా ముంతలు లోపల్నుంచి గుయ్యిమనేవి. భయంతో పెరట్లోకి పోవడమే మానేశాను.

ఒక పొద్దున సిపాయి ఒకడు పెరట్లోకి వచ్చి, తుపాకి మొనతో ముంతను కదిపాడు. వెనక గుమ్మంలో ఉన్న నేను చెవులు మూసుకుని అమ్మ కొంగులో దూరాను.

“అమ్మా, ముంత పేలుతది,” అన్నాను.

అతనికి తెలుగు రాదు. కానీ నా వణుకు చూసి తుపాకి మా వైపు తిప్పాడు. అమ్మ మెల్లగా ముంత దించి నేల మీద వంచింది. నురగ నీళ్ళు, చచ్చిన ఈగలు. అతను ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

“ఈగల కోసం పెట్టిన బిడ్డా, గంతే. గా మాట మల్ల అనకు,” అంది అమ్మ.

ఆ సిపాయికి తెలుగు వచ్చి ఉంటే ఏమయ్యేదో పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. అమ్మకు అప్పుడే తట్టినట్టుంది. పొద్దుగూకేదాకా నన్ను చంకలోంచి దించలేదు.