గోడ దాటిన తీగ

మా పక్కింటి దర్జీ వదినకు ముక్కు మీద కోపం, వేలికి తొడుగు ఎప్పుడూ ఉంటాయి. ముప్పై ఏళ్లుగా ముందుగదిలో కిటికీ పక్కన మిషన్ వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఒక్క వరస వంకర పోయినా మొత్తం విప్పేస్తుంది. "లోపలి కుట్టే కదా వదినా, ఎవరికి కనబడుతుంది?" అంటే, "నాకు కనబడుతుంది" అంటుంది. ఈ గుణం వల్ల బళ్లు తెరిచే రోజుల్లో ఆమె మధ్యాహ్న భోజనం సాయంత్రం నాలుగింటికి.

మొక్కల దగ్గర మాత్రం ఇంత పట్టింపు ఉండేది కాదు. ఏ పొట్లం దొరికితే ఆ గింజలు నాటేది. వాళ్ల అమ్మ నాటి గుమ్మడిని ఏటా వేసి, గింజ దాచి, మళ్లీ వేసేది వాళ్లక్క. "మా అక్కకి గింజల పిచ్చి" అని నవ్వేది వదిన. పోయిన వానాకాలంలో ఆ అక్క ఇంట్లోకి నీళ్లొచ్చి గింజల డబ్బా కొట్టుకుపోయింది. "నాలుగేళ్ల కిందట నీకు కాసిని పంపాను కదే, ఉన్నాయా?" అని ఫోన్లో ఏడ్చింది. వదిన ఇల్లంతా గాలించింది. గుండీల డబ్బా అడుగున, విరిగిన గుండీల మధ్య ఐదు గింజలు దొరికాయి. లోకంలో ఆ గుమ్మడికి మిగిలినవి అవే.

అప్పటి నుంచి మనిషి మారిపోయింది. నాతో విత్తనాల దుకాణానికి వచ్చి, "జన్యుమార్పిడి లేని గింజలే ఇవ్వండి" అంది.

"గుమ్మడిలో జన్యుమార్పిడి గింజలు నా దగ్గర లేనే లేవమ్మా. ఇవి హైబ్రిడ్. అది వేరు, ఇది వేరు" అన్నాడు దుకాణదారు.

"దీని గింజ దాచి వేస్తే మళ్లీ ఇదే కాయ వస్తుందా?"

అతను నిజాయితీపరుడు. "అచ్చం ఇదే రాదమ్మా. ఏటా కొనుక్కోవలసిందే."

"అయితే నాకొద్దు" అని వదిన ఉత్త చేతులతో వచ్చేసింది. నేను ఒక పొట్లం కొనుక్కున్నాను. ఏటా కొనుక్కుంటే నాకేం పోయిందని.

ఆమె ఐదు గింజల్లో రెండు మొలవలేదు. రెండు మొలకల్ని నత్తలు తినేశాయి. మిగిలిన ఒక్క తీగ మా ఇద్దరి మధ్య గోడ పక్కన పాకింది. గోడకు ఇవతల నా తీగ దానికి రెట్టింపు బలంగా పాకింది. ఒకరోజు వదిన గోడ మీదుగా తొంగిచూసి, "నీ తీగని ఇటు రానివ్వకు వదినా. దాని పుప్పొడి తగిలితే నా కాయలో గింజ చెడిపోతుంది" అంది.

నాకు ఒళ్లు మండింది. నా తీగకేమైనా అంటురోగమా? ఆ కోపంతోనే, ఒక కొమ్మ గోడ దాటి ఆమె ఆకుల కిందికి దూరడం చూసి కూడా వెనక్కి లాగలేదు.

వదిన పద్ధతి ఇదీ. రేపు విచ్చుకోబోయే ఆడపువ్వు మూతి ఈ సాయంత్రమే దారంతో కట్టేస్తుంది, తేనెటీగలు దూరకుండా. ఒక మగపువ్వుకీ అలాగే కట్టి, కాడకు గుర్తుగా ఎర్రదారం చుడుతుంది. తెల్లవారుతూనే మగపువ్వును తుంచి, ఆడపువ్వు ముడి విప్పి, పుప్పొడి అద్ది, మళ్లీ కట్టేస్తుంది. మొదటి పిందె వానకు కుళ్లింది. రెండోది పసుపురంగు తిరిగి రాలిపోయింది. ఆకుల మీద అప్పటికే బూడిద తెగులు. మూడో పిందె నిలబడి నిమ్మకాయంత అయ్యేసరికి అక్కకు ఫోన్ చేసి, "పట్టింది అక్కా" అంది. ఆ గొంతులో సంతోషం మా వంటింటి దాకా వినిపించింది.

పుప్పొడి అద్దిన ఎనిమిదో రోజు పొద్దున్నే గోడ అవతల నుంచి పిలిచింది. గొంతు తేడాగా ఉంది.

"వదినా, నేను తుంచిన మగపువ్వు కాడ ఇక్కడుంది, ఎర్రదారంతో సహా. ఇది ఏ తీగదో తెలియడం లేదు. ఈ కొమ్మను కదుపుతాను, నీ వైపు ఏదైనా కదులుతుందేమో పట్టుకుని చూడు."

నేను నా తీగ పట్టుకున్నాను. అది నా చేతిలో కదిలింది.

తేనెటీగను ఆపడానికి అన్ని ముళ్లు వేసిన మనిషి, సాయంత్రం మసకలో నా తీగ మగపువ్వుకే ఎర్రదారం చుట్టి, తన చేత్తోనే దాని పుప్పొడి అద్దుకుంది. కంచే చేను మేసినట్టయింది. పైగా ఆ కొమ్మను అటు పోనిచ్చింది నేను.

"కదల్లేదు" అన్నాను.

బస్సుల్లో ఇరవై ఏళ్లు టికెట్లు తనిఖీ చేసినదాన్ని, ఎదుటివాళ్ల అబద్ధం గొంతులోనే పట్టేదాన్ని. ఆమె అంతకంటే ఘటికురాలు. మెల్లగా, "ఇంకోసారి కదుపుతాను, సరిగ్గా చూసి చెప్పు" అంది.

మళ్లీ కదిలింది. కాయ ఉంచుకుంటే ఎవరికీ తెలియదు. వచ్చే ఏడు అక్క మడిలో ఏవో కాయలు కాస్తాయి, అమ్మ గింజ ఇలా మారిందేమిటా అని ఆమె తల పట్టుకుంటుంది.

"కదిలింది వదినా. కొమ్మ అటు రావడం నేను చూశాను. కావాలనే వదిలేశాను."

తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్లి బట్ట కత్తెర తెచ్చింది. దాంతో కాగితం కూడా కోయనివ్వని మనిషి, పిందెను తొడిమ దగ్గర కోసేసింది. తర్వాత ఫోన్ తీసి, "అక్కా, కాయ పోయింది. నా చేత్తో నేనే చెడగొట్టాను" అంది. నా పేరు ఎత్తలేదు.

నేను కూరగాయల కత్తితో నా తీగను మొదలంటా కోసేశాను. దానికి రెండు కాయలున్నాయి. సిగ్గు మాత్రం తగ్గలేదు.

ఆమె తీగ కొసన శనగగింజంత ఆడమొగ్గ ఒకటే మిగిలింది. తొమ్మిది రోజులు ఇద్దరం కళ్లలో వత్తులేసుకుని కాపలా కాశాం, ఆమె గోడకు అటు, నేను ఇటు. మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా సాయంత్రం ఆమె దారం పట్టుకుంది గానీ వేళ్ల మధ్య ముడి రెండుసార్లు జారిపోయింది. సూదిలో దారం చూడకుండా ఎక్కించే వేళ్లు. దారం నా చేతిలో పెట్టి, "ముడి నువ్వు వెయ్యి" అంది.

రెండు నెలల తర్వాత, రెండు పిడికిళ్లంత కాయ తీగ మీదే ముదిరింది. లోపల పదకొండు గట్టి గింజలు. అక్క ఫోన్లో అడగడం నాకూ వినిపించింది: "అమ్మ గింజేనా? నమ్మకమేనా?"

"పక్కింటి వదిన చెబుతుంది, విను" అని ఫోన్ నాకిచ్చింది.

"అమ్మ గింజేనండి. అప్పటికి మా వైపు తీగే లేదు" అన్నాను.