అరాద్‌లో చచ్చి సీఫ్‌లో బతికే కార్డు

మా తోడికోడలంటే నాకు కడుపుమంట. ఇందులో దాచేదేం లేదు. ఆవిడ కారు నడుపుతుంది, మేముండే ఈ గల్ఫ్ దేశంలో డబ్బున్నవాళ్ళ పేట సీఫ్‌లో సముద్రం కనిపించే ఫ్లాట్లో ఉంటుంది, ఏ చీర కట్టినా అది ఆవిడ కోసమే నేసినట్టుంటుంది. అవన్నీ ఎప్పుడో మింగేశాను. మింగుడుపడనిది ఒక్కటే. నా కూతురు శుక్రవారం సెలవు వచ్చిందంటే చాలు, ఆవిడింటికి పరిగెడుతుంది.

ఆవిడ కొడుకు ఇంజనీరింగ్ చదవడానికి ఇండియా వెళ్తూ తన గేమింగ్ కంప్యూటర్‌ని ఇక్కడే వదిలేశాడు. వాడితో మాట్లాడాలంటే ఆన్‌లైన్‌లో ఆట ఆడటమొక్కటే దారని కనిపెట్టి ఈవిడ ఆట నేర్చుకుంది. వాడికి అక్కడ స్నేహితులు దొరికారు, తీరిక లేదన్నాడు. ఆటమాత్రం ఈవిడకి పట్టుబడింది. అప్పుడు దొరికింది నా కూతురు. పెద్దమ్మ నిచ్చెనెక్కి కోట పేల్చింది, పెద్దమ్మ ముగ్గుర్ని ఒక్కతే లేపేసింది అని కారులో ఇంటికొచ్చే దారంతా చెప్పేది. నేనేదైనా అడిగితే "నీకర్థం కాదులే అమ్మా" అనేది. ఆ "లే" దగ్గర నాకు ఒళ్ళు మండేది.

"మనింట్లోనూ ఒక కంప్యూటర్ కొందామండీ" అని మావారిని పోరింది నేనే. పిల్ల చదువుకి పనికొస్తుందన్నాను. అసలు సంగతి ఆయనకీ తెలుసు. మనామాలో దుకాణాలు తిరిగి సామాన్లు కొనుక్కొచ్చి, తండ్రీకూతుళ్ళిద్దరూ కింద దుప్పటి పరుచుకుని బిగించారు. హాల్లో గ్రైండర్ పక్కన మూల ఖాళీగా ఉంటే బల్ల అక్కడ వేయించాను. ఆ శుక్రవారం నా కూతురు ఇల్లు కదల్లేదు. నేను రొయ్యల వేపుడు చేశాను.

కొద్దివారాలు గడిచాయో లేదో, ఆట మధ్యలో తెర నల్లగా అయిపోయింది. లోపల ఫ్యాన్లు మాత్రం, ఎయిర్‌పోర్టు పక్కనున్న మా అరాద్‌లో నెత్తిమీద ఎగిరే విమానాలతో పోటీపడుతూ అరిచాయి. గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నారు దుకాణంలో. తెరమీద బొమ్మ వేసేది అదేనట. గ్యారంటీలో ఉంది కాబట్టి కొత్తది ఇచ్చారు. కొత్తదీ అదే వేషం వేసింది. పెట్టె మొత్తం మోసుకెళ్ళి చూపిస్తే అక్కడ బుద్ధిగా పనిచేసింది. "మేడమ్, కార్డు ఫస్ట్‌క్లాస్‌గా ఉంది" అన్నాడు దుకాణం మలయాళీ భాయ్. ఇంటికి తెచ్చి పెట్టగానే మళ్ళీ నలుపు.

మావారు పట్టువదలని మనిషి. కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములన్నీ చెరిపి మళ్ళీ ఎక్కించారు. పవర్ సప్లై మార్చారు. వేడెక్కుతోందేమోనని పెట్టె తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టారు. ఏసీ తగ్గించీ తగ్గించీ మేమందరం దుప్పట్లు కప్పుకుని తిరిగాం. అరాద్ సముద్రపు గాలికి ఉప్పు పడుతోందేమో అన్నారు మా బావగారు. సీఫ్ ఏమైనా ఎడారి మధ్యలో ఉందా అని అడగబోయి ఊరుకున్నాను.

ఇక చివరికి ఆ కార్డునే సీఫ్ తీసుకెళ్ళి మా తోడికోడలింటి కంప్యూటర్లో పెట్టి చూశారు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఆడినా చెక్కుచెదరలేదు. ఆ వార్త మావారు ఫోన్లో చెప్తుంటే వెనక నుంచి పెద్దమ్మా నా కూతురూ కలిసి వేస్తున్న కేకలు వినిపించాయి. ప్రాణం లేని వస్తువుకి కూడా ఆవిడిల్లే నచ్చిందన్నమాట!

అప్పట్నుంచి నా కూతురికి మంచి సాకు దొరికింది. "కార్డు చెక్ చెయ్యాలమ్మా" అని బ్యాగు తగిలించుకునేది. శుక్రవారం పొద్దున తెలుగు సహవాసంలో కూడా వాళ్ళ పెద్దమ్మ పక్కనే కూర్చునేది. ప్రార్థన మనవులు చెప్పమంటే అది లేచి, "మా ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు బాగవ్వాలని ప్రార్థించండి" అంది. పాస్టరుగారు అదేమిటో అడగకుండానే భారంగా ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

పిల్లని అక్కడికి వట్టి చేతులతో మాత్రం పంపేదాన్ని కాదు. గురువారం సాయంత్రం ఇడ్లీపిండి రుబ్బి పెద్ద డబ్బా నిండా పెట్టేదాన్ని. నా పిల్ల వాళ్ళింట్లో ఊరికే తింటోందన్న మాట రాకూడదు కదా. పైగా మా తోడికోడలు పిండి ప్యాకెట్లు కొంటుంది. నా పిండితో చేసిన ఇడ్లీ తిన్నప్పుడల్లా బావగారు మెచ్చుకుంటారట. ఆవిడ ముందు నాకున్న పైచేయి ఆ ఒక్కటే, దాన్ని ఎందుకు వదులుకుంటాను? ఆవిడతో పోటీ పెరిగినకొద్దీ డబ్బాలు కూడా పెరిగాయి. ఇడ్లీకొకటి, దోశకొకటి, గారెలకొకటి.

ఒక గురువారం పిల్లని తీసుకెళ్ళడానికి ఆవిడే వచ్చింది. నేను అప్పుడే గ్రైండర్లో రెండో వాయి వేశాను. "పెద్దమ్మా, అదెలా చస్తుందో చూపిస్తా రా" అంటూ నా కూతురు ఆట మొదలుపెట్టింది. కాసేపు తుపాకులు పేలాయి, అంతలోనే తెర నల్లబడింది. మావారు మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకున్నారు.

ఆవిడ పెట్టెవంక చూడనేలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒంగి, బల్ల వెనకాల వైరు ఎటు పోతోందో చూసుకుంటూ వెళ్ళింది. ఆ వైరు మా ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పోతుంది. ఆ బోర్డు మేం కాకినాడ నుంచి గ్రైండర్‌తోపాటు పెట్టెలో పెట్టుకొచ్చింది. ఇక్కడ ఏ తెలుగువాళ్ళింటికెళ్ళినా అలాంటిదొకటి కనిపిస్తుంది. మన గ్రైండర్ల గుండ్రటి పిన్నులు ఇక్కడి గోడల్లో పట్టవు. అందుకని మన బోర్డే తెచ్చుకుని, దానికొక అడాప్టర్ తగిలించి గోడకి గుచ్చుతాం. చేతికందుతుంది కదా అని మిగతావన్నీ దానికే పెడతాం. కంప్యూటర్‌కి కూడా అందులోనే చోటిచ్చాం.

ఆవిడ గోడ దగ్గరున్న ఆ అడాప్టర్ మీద వేలుపెట్టి చటుక్కున తీసేసింది. "అమ్మో, కాలిపోతోంది చెల్లీ! ముందు గ్రైండర్ ఆపు!"

మావారు స్విచ్చి తీసి అడాప్టర్ ఊడబెరికారు. వెనకంతా మాడి గోధుమరంగుకి తిరిగింది, పిన్నులు లొడలొడలాడుతున్నాయి. ఆయన దాన్ని తిప్పితిప్పి చూసి తల పట్టుకున్నారు. గ్రైండర్ మోటారు బరువుకి అది వారంవారం కొంచెంకొంచెంగా మాడుతూ వచ్చిందట. ఆట జోరందుకున్నప్పుడు కార్డు కరెంటు ఎక్కువ లాగుతుంది, మాడిన పిన్నులు అంత ఇవ్వలేవు, ఇంకేముంది, కార్డు చతికిలబడుతుంది. మేమంతా ఆ పెట్టె లోపల వెతికాంగానీ గోడవైపు ఎవ్వరం చూడలేదు.

"అయితే మా ఇడ్లీలే దీని ప్రాణం తీశాయన్నమాట!" అని ఆవిడ నవ్వింది. మావారు నవ్వారు, పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ పళ్ళు బయటపెట్టాను. లోపల మాత్రం భగ్గుమంది. నా పిండీ ఆవిడ పక్షమే చేరింది, నా ఇంటి రోగమూ ఆవిడే కనిపెట్టింది. ఇంకేం మిగిల్చింది నాకు?

మర్నాడే కొత్త బోర్డు వచ్చింది. గ్రైండర్ వంటింటి గుమ్మంలోకి జరిగింది. "ఇక దీన్ని హాల్లో బోర్డుకి పెట్టావో, కార్డు మళ్ళీ పోతుంది" అని మావారు నాకు మరీమరీ చెప్పారు. ఆ తర్వాత తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

పై శుక్రవారం సహవాసం అయ్యాక నా కూతురు మా కారే ఎక్కింది. దారి పొడవునా నాకు నేల మీద కాలు ఆనలేదు. ఇంటికొచ్చి మళ్ళీ రొయ్యలు వేపాను. అది నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది.

"పెద్దమ్మా, వచ్చేశా! నా వెనకాలే రా! పెద్దమ్మా, నన్నొదిలేసి వెళ్ళకు!"

సీఫ్ వెళ్ళినన్నాళ్ళూ నేను ఇవన్నీ ఊహించుకునేదాన్నేగానీ వినాల్సి వచ్చేది కాదు. ఇప్పుడు నా హాల్లో, నేను వేయించిన బల్ల దగ్గర కూర్చుని వినిపిస్తోంది. ఖాళీ కంచం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అది ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ జరిపి వెనక్కి తిరిగింది. నన్ను పిలుస్తుందేమో అనుకున్నాను.

"అమ్మా, పెద్దమ్మ అడుగుతోంది, ఈ వారం పిండి లేదా అని."

"రుబ్బుతున్నానని చెప్పు" అన్నాను.

అలవాటు కొద్దీ పొద్దున్నే పప్పూ బియ్యం నానబోశాను. పప్పు కడిగి గ్రైండర్లో వేశాను. ప్లగ్గు చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను. వంటింట్లో సాకెట్టు ఒక చేతి దూరంలో ఉంది. హాల్లో కొత్త బోర్డు మీద ఖాళీ కన్నం ఇంకో చేతి దూరంలో ఉంది. నా కూతురు కుర్చీలో ఎగిరెగిరి నవ్వుతోంది. నా దగ్గర అది అలా నవ్వి ఎంత కాలమైందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

ప్లగ్గు వంటింట్లోనే పెట్టాను. రాయి తిరిగినంతసేపూ, ఆ నవ్వు ఆగుతుందేమోనని ఒక చెవి అటే వేసి ఉంచాను. ఆగలేదు.