కంజర చాటున దగ్గు

రండి, గుమ్మం దగ్గర నిలబడకండి, చాప మీదికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద చాయ కాగేలోపు ఒక మాట చెప్తాను. వెనకింటివాళ్లు కొత్తగా బండలు పరిపించుకుంటున్నారు, ఆ మిషన్ చప్పుడు వినబడుతోంది కదా. చప్పుడు సరే, వాసన చూడండి. కోస్తున్న రాతి మీద నీళ్లు పడి లేచే వాసన, తడిసిన సున్నంలో కాలిన ఇనుము కలిపినట్టు ఉంటుంది. మీకు అది పనివాళ్ల వాసన, నాకు మా నాయన వాసన. అయిదో తరగతిలో బడి మానేసినదాన్ని, పెళ్లయిన నాటినుంచి ఈ వికారాబాద్‌లోనే ఉంటున్నదాన్ని, అయినా ఆ వాసన ముక్కుకు తగిలితే తాండూరులో మా ఇంటి బండ ఏది ఏ మూల విరిగిందో ఇప్పటికీ చెప్పగలను.

మా ఇల్లంతా బండలే. గోడలు బండలు, కప్పు బండలు, నీళ్ల తొట్టి కూడా నాలుగు బండలు నిలబెట్టి సిమెంటు పూసిందే. ఎండాకాలం ఇల్లు రొట్టెల పెనంలా కాలేది, చలికాలం పొద్దున్నే కింద కాలు పెట్టనిచ్చేది కాదు. వాకిట్లో బండ మీద బొగ్గుతో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం, రాతిముక్కల్లో నున్నగా అరిగినవి ఏరుకొని కచ్చకాయలు ఆడేవాళ్లం. చలి ముదిరి ఊరి చుట్టూ చేలల్లో కంది కాయపట్టాక, అమ్మ పచ్చికాయలను ఉప్పేసి ఉడకబెట్టేది. వాటిని వేడివేడిగా ఒడిలో పోసుకొని పళ్లతో ఒలుచుకుంటూ నాయన కోసం ఎదురుచూసేదాన్ని.

నాయన పేరు యాకోబు. బండల అంచులు కోసే పని ఆయనది. సాయంత్రం వచ్చేసరికి కనుబొమ్మలు, చెవులు, మీసాలు అన్నీ తెల్లగా, పిండిగిర్నీలోంచి లేచి వచ్చినట్టు ఉండేవాడు. స్నానానికి ముందు నాకు వీపు చూపించి కూర్చునేవాడు, ఆ దుమ్ములో నేను వేలితో బడిలో నేర్చిన అక్షరాలు రాసేదాన్ని. పలక మీద కంటే మా నాయన వీపు మీదే ఎక్కువ దిద్దాను నేను. "ఏం రాసినవే, చక్కిలిగిలి అయితుంది" అనేవాడు. నా పేరు రూతు రాశానంటే, "వంకర రాసినవ్, నాకు వీపుల ఎర్కయితది" అని నవ్వేవాడు.

మా గుడి కూడా బండల గుడే, ఇరవై ఇళ్ల సంఘం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, క్రిస్మస్‌కు వెదురు బద్దలకు రంగు కాగితం అంటించిన నక్షత్రం, ఇంటింటా గరిజెలు, సకినాలు. డోలక్ కొట్టే ఆయన ఒకరుండేవారు, కంజర మాత్రం నాది. సోడా సీసా మూతలు సాగగొట్టి చట్రానికి గుచ్చి నాయనే చేసి ఇచ్చాడు. నాయన పాడితే గుడి కప్పు ఎత్తు పెరిగినట్టుండేది, ఆయన పక్కనే కూర్చొని కొట్టడం నాకు పెద్ద గొప్ప.

నాకు పదో ఏడు నడుస్తుండగా, వానలప్పుడు పట్టిన దగ్గు ఆయనను వదల్లేదు. దసరా నాటికి పాట మధ్యలోనే ఆగిపోయేవాడు. అమ్మ ప్రతి శుక్రవారం నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి, బండ మీద నుదురు ఆనించి ప్రార్థించేది, లేచేసరికి నుదుటి మీద బండ గీతలు అచ్చు పడి ఉండేవి. క్రిస్మస్ ముందు ఒక డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, వికారాబాద్ పెద్ద దవాఖానలో చేర్చమని చీటీ రాసిచ్చాడు. నాయనతో కలిసి పనిచేసే మహబూబ్ మామది మా గోడ పక్క ఇల్లే. "యాకోబూ, రేపు పొద్దుగాల రైలుకు పోదం పా. గంటన్నరల వికారాబాద్ల దిగుతం. జర నా మాట ఇను" అన్నాడు. పంట పండుగ అయినంక పోదామన్నాడు నాయన.

ఆ పండుగే మా కొంప ముంచింది. క్రిస్మస్ వెళ్లాక కంది కోతలప్పుడు గుడిలో పంట పండుగ చేసేవాళ్లం. జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు బలిపీఠం ముందు పోగుపడేవి, గుడి అంతా సంత వాసన వేసేది. ఆ రోజు మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఇంకా దొరకని మేలుకు దొరికిందని ముందే నిలబడి సాక్ష్యం చెప్పాలి, అంత నమ్మితేనే దేవుడు ఇస్తాడని. ఆ వారం నాయన దగ్గు కాస్త నెమ్మదించింది. అమ్మ గుడ్లు పెట్టే మా ఒక్క కోడిని చంకలో పట్టుకొని లేచి, "నా పెనిమిటిని దేవుడు బాగుచేసిండు. గీ డాక్టర్ చీటీతోని మాకు పని లేదు" అని, కానుకల సంచి తన ముందుకు రాగానే ఆ చీటీ అందులో వేసేసింది. చప్పట్లకు కోడి బెదిరి అరిచింది. పాస్టరు అయ్యగారు నాయన తల మీద చెయ్యి పెట్టి స్తోత్రం చెప్పారు. నేను కంజర కొట్టాను, చేతులు ఎర్రబడేదాకా కొట్టాను.

వారం తిరగలేదు, దగ్గు మళ్లీ వచ్చింది. ఇప్పుడది ఒట్టి దగ్గు కాదు, అమ్మ సాక్ష్యాన్ని అబద్ధం చేసే దగ్గు. సంఘం ముందు నిలబడి అన్న మాట వెనక్కి ఎట్లా తీసుకుంటుంది? సంచిలో వేసిన చీటీ ఏ మొహం పెట్టుకొని అడుగుతుంది? గుడిలో నాయన భుజాలు కదలడం మొదలవగానే అమ్మ ఆడవాళ్ల వైపు నుంచి నా వంక చూసేది. ఒక్క చూపు, అంతే. నేను గట్టిగా కొట్టేదాన్ని. నాయన తువ్వాలు నోట్లో కుక్కుకొని, దగ్గు అణిగాక నా మోకాలు మీద మెల్లగా తట్టేవాడు, బాగా కొట్టినవ్ అన్నట్టు. ముగ్గురం కలిసే దాచాం. ఒక సాయంత్రం మహబూబ్ మామ గోడ మీది నుంచి తొంగి చూసి, "మీ గుడిల కంజర జోరుగ ఇనవడితే చాలు, నీ దగ్గు పెరిగిందని మా ఇంట్ల లెక్క" అన్నాడు. నాయన నవ్వాడు, ఆ నవ్వు కూడా దగ్గే అయ్యింది.

దాచినా దాగుతుందా? గుసగుసలు మొదలయ్యాయి. ప్రార్థన నెరవేరలేదంటే ఇంట్లో ఏదో అడ్డం ఉందని పెద్దలు వచ్చారు, పెట్టెలు తెరిపించారు, పాత దేవుళ్ల పటాలు ఏమైనా ఉన్నాయా అని అటక మీద చెయ్యి పెట్టి తడిమారు. ఏమీ దొరకలేదు. దొరకనిది నా కడుపులో ఉంది. దసరా ముందు పక్క వాడకట్టులో బతుకమ్మ ఆడి, వాళ్లు బతుకమ్మకు పెట్టి పంచిన సత్తుపిండి ముద్దలు, మా సంఘంలో తినకూడనివి, రెండు తిన్నాను నేను. నా వల్లే నాయనకు నయం కావడం లేదని పది రోజులు అన్నం సయించలేదు. చివరికి ఆయన దగ్గరికి పోయి ఏడుస్తూ చెప్పేశాను.

"రెండే తిన్నవా?" అన్నాడు.

"రెండే నాయినా."

"పిచ్చి బిడ్డ. నాకొకటి తేకపోయినవ్. పిండిముద్దకు అలిగే దేవుడైతే ఆయనతోని మనం ఏగలేం తియ్."

ప్రేమగానే అన్నాడు గానీ, అప్పటికే బాగా సన్నబడ్డాడు. నేను వీపు మీద అక్షరాలు రాస్తుంటే వేలికి ఎముకలు అడ్డం తగిలేవి.

ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఈత మట్టలు పట్టుకొని వీధి వెంట పాడుతూ ఊరేగింపు పోతాం. నాయన వద్దన్నా వినకుండా వచ్చాడు, రాకపోతే ఏమైందని అడుగుతారు కదా. చాయ హోటల్ ముందుకు వచ్చేసరికి దగ్గు అందుకుంది. నేను కొట్టాను. ఆయన ఆగలేదు, నేనూ ఆగలేదు. ఆయన వంగాడు, నేను ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన రోడ్డు మీద కూలబడి, చేతిలోని మట్ట మీద ఎర్రగా పడ్డాక కూడా నా చేతులు కొడుతూనే ఉన్నాయి, అమ్మ చూస్తోంది కాబట్టి. హోటల్ లోంచి మహబూబ్ మామ ఉరికి వచ్చి ముందు నా చేతిలోంచి కంజర లాక్కున్నాడు. అప్పుడు వినబడింది అందరికీ. "ఇనుండ్రి, ఇప్పుడన్న ఇనుండ్రి" అన్నాడు, నాయనను భుజాన వేసుకుంటూ.

మర్నాడు రైలులో ఈ వికారాబాద్‌కే తెచ్చారు. మూడు నెలల కింద తెస్తే గోలీలతోనే పోయే జబ్బు అన్నాడట ఇక్కడి డాక్టరు. ఆ మాట మహబూబ్ మామ అమ్మకు చెప్పలేదు, చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు. నాయన పదకొండు రోజులు బతికాడు. సమాధి దగ్గర అయ్యగారు, ప్రభువు చిత్తం అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ అనలేదు.

కానీ గుడి మానలేదు. ప్రతి ఆదివారం వెనక గోడకు ఆనుకొని కూర్చునేది. నాకు ఒళ్లు మండి, "ఇంకా ఏం అడుగుతవే ఆయనను?" అన్నాను ఒకసారి. "అడుగుడు ఆపితే నాకు ఇంకెవరున్నరు? అడుగుత. గని ముందుగాల స్తోత్రం మాత్రం చెప్ప" అంది. చనిపోయేదాకా ఇంకో సాక్ష్యానికి లేవలేదు.

ఆ బండల గుడి ఇప్పుడు లేదు, నున్నటి రాళ్లు పరిచిన హాలు కట్టారు. కంజరలు పోయి కీబోర్డులు వచ్చాయి. కోతలు మిషన్లు కోస్తున్నాయి, పంట పండుగకు ఎవరూ కోడిని తేవడం లేదు. మహబూబ్ మామ పోయాడు. మొన్న ఇక్కడి గుడిలో కొత్త అయ్యగారు, ప్రార్థనలకు జవాబు ఎందుకు రాదో చెప్పారు. పాపమన్నారు, అవిశ్వాసమన్నారు, దేవుని సమయం కాదన్నారు. ఆ వరసలో మాకు సరిపోయే కారణం లేదు. బయటికి వస్తూ అడుగుదామనుకున్నాను, చెప్పులు తొడుక్కొని వచ్చేశాను. గోడ అవతలి మనిషి రైలుకు పోదాం పా అనడమే దేవుడి జవాబని, అప్పటికి చంటిపిల్లగా ఉన్న మా చెల్లెలు ఇప్పుడు అంటుంది. అంటే అననీ. ఆ జవాబుకు మేం చెవులు మూసుకున్నామన్నది నిజమే. అయినా అంత కంజర చప్పుడులోనూ ఆ దగ్గు పైనున్నాయనకు వినబడకుండా ఉండదు కదా. వినబడకుండా మేం దాచింది మనుషులకు. విన్నవాడు ఏం చేశాడు? నేనూ మా అమ్మలాగే గుడి వెనక గోడకు ఆనుకొని ప్రతి ఆదివారం అదే అడుగుతున్నాను. ఇంతవరకు ఏమీ చెప్పలేదు.

చాయ కాగింది, తాగి వెళ్లండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు, మీ పిల్లల చేతులకు నొప్పి తెలియకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు వస్తే, వాళ్లు నలుగురిలో నోరారా దగ్గాలి. ఆ దగ్గు మొదట మీ చెవులకే వినబడాలి.