వేరుగా పెట్టిన పిడికెడు బియ్యం

బందరులో మా గుడి స్త్రీల సమాజానికి ఆ రోజుల్లో నేనే సెక్రటరీని. ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడి కోసమని ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యడం మా ఇళ్ళలో అలవాటు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి గుడిలో బుట్టలో పోస్తాం. సగం పాస్టరుగారింటికి, సగం పేదలకి. పంచడం నా పని. పంచడం ఎంతసేపు? ఎవరు నిజంగా పేదో తేల్చే చర్చలే నా ప్రాణం తీసేవి.

దివిసీమ నుంచి వచ్చిన ఒకావిడ గుడి వెనక పాకలో ఉండేది. పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చి, ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉండి, నయమై బయటికొచ్చింది. అయినవాళ్ళు గడప తొక్కనివ్వలేదు. నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితం బైబిల్లో పెట్టుకుని, అడగనివాళ్ళకి కూడా చూపించేది. వంకర తిరిగిన వేళ్ళతోనే పిడకలు చేసి అమ్మేది. మా సమాజంలో అందరం ఆ పిడకలే కొనేవాళ్ళం. వాటి మీద వండిన అన్నం అందరికీ సహించేది. గుడిలో ఆవిడ కూర్చున్న చాప మీద మాత్రం ఎవరికీ చోటు సరిపోయేది కాదు.

కోతలయ్యాక ఒక ఆదివారం ఆవిడ చిన్న మూటతో వచ్చింది.

"చేలో పరిగేరుకుని నేనే దంచానండి. పూటకో పిడికెడు తీసిపెట్టాను. ఎప్పుడూ తీసుకోవడమే గదండీ, ఈసారి నేనూ ఇస్తాను," అంది. ముఖం వెలిగిపోతోంది.

పక్కనే ఉన్న మా ప్రెసిడెంటుగారు నా మోచెయ్యి గిల్లారు. "బుట్టలో పొయ్యకమ్మాయ్! పాస్టరమ్మగారు ఏమనుకుంటారో!"

నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? నవ్వుతూ మూట అందుకుని బల్ల కింద వేరుగా పెట్టాను. ఇంటికెళ్ళాక ప్రెసిడెంటుగారిని మనసులో తిట్టని తిట్టు లేదు.

మంగళవారం పంపకం. ఆ మూట ఎవరికిచ్చినా గొడవే. అందుకని వేరే గుడ్డలో కట్టి, ఆవిడ వంతు కింద ఆవిడకే ఇచ్చేశాను. ఎవరికీ ఇబ్బంది లేకుండా పని జరిగిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. అందరివీ తెల్లటి మిల్లు బియ్యం, ఆవిడవి ఎర్రటి దంపుడు బియ్యం. అది నాకు తట్టనేలేదు.

ఆవిడ మూట విప్పి చాలాసేపు చూసింది.

"నా బియ్యం దేవుడికి పనికిరాలేదాండీ?" అంది.

కోపంగా అడిగితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను మూట లాక్కుని పాస్టరుగారింటికి పరిగెత్తాను. జరిగిందంతా చెప్తే పాస్టరమ్మగారు నన్ను ఎగాదిగా చూశారు.

"నన్నెవరైనా అడిగారా? మీలో మీరే అనేసుకున్నారా?" అని, ఆ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టారు. "వెళ్ళి ఆవిణ్ణి భోజనానికి పిలుచుకురండి."

నేను వెళ్ళేసరికి ఆవిడ పాకలో డాక్టరు కాగితం మడతలు విప్పి చూసుకుంటోంది. ఆవిడకి చదువు రాదు.

"ఇందులో ఏవన్నా తప్పు రాశారేమో చూడండమ్మగారూ."

"తప్పేం లేదమ్మా," అన్నాను. నేను చేసింది దాచుకున్నాను. "పాస్టరమ్మగారు భోజనానికి రమ్మన్నారు, పద."

ఆవిడ లేవలేదు. కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది.

"ముందు ఇది ఆవిడగారికి చూపించి రండి. నేను తరవాత వస్తాను."