మంగాయమ్మ చెయ్యి, ఇమాం బీ గోరింటాకు

ఆఫ్రీన్ పరిశోధనలో సాధించిన మొట్టమొదటి విజయం మంగాయమ్మ చెయ్యి. అమృతలూరు పొలాల్లో వారం పాటు తిట్లు తిన్నాక దక్కిన చెయ్యి అది. 2007 ఆషాఢం.

ఆ విజయానికి గట్టు మీద సాక్షి నాయనమ్మ ఇమాం బీ. ఆడపిల్లని ఒంటరిగా పంపలేక తెనాలి నుంచి రోజూ తోడొచ్చేది. రేపల్లె దగ్గర పల్లెబడిలో ఐదు వరకే చదివినా, మనవరాలి ఘనతలు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వరస తప్పకుండా ఒప్పజెప్పేది. పదిలో బడికే ఫస్టు. బాపట్లలో డిగ్రీ, బంగారు పతకం. ఇప్పుడు డాక్టరేటు! ఎలుకల జ్వరం, బురదలో కలిసిన వాటి ఉచ్చతో, పగిలిన కాళ్లలోంచి నాట్లేసేవాళ్ల ఒంట్లోకి ఎలా ఎక్కుతుందో కనిపెట్టి, తెలిసినదాన్ని ఆస్పత్రి మంచం దాకా చేర్చే చదువు. అది నేర్పడానికి ఒక వైద్య కళాశాలకు ఢిల్లీ నుంచి నిధులొచ్చాయి. ఆ సీట్లలో ఒకటి ఆఫ్రీన్‌ది. నాట్లు ముగిసేలోపు జనం ఇష్టపడి ఇచ్చిన రక్త నమూనాలు తేవాలి, లేకపోతే సీటు పోతుంది.

పొలం ఆసామి హనుమయ్యకు ఈ వ్యవహారమంతా కంపరం.

"నా చేలో జబ్బుందని పేరు పడితే కూలోళ్లు దిగుతారా? సాయిబుల పిల్లకి మా ఎలకలతో ఏంటమ్మా పని?"

"ఎలకలు మీవేనని ఒప్పుకున్నారు, సంతోషం అండి," అంది ఇమాం బీ.

ఆయన నాట్ల ముఠా వైపు తిరిగి గుడ్లురిమాడు. "నెత్తురిచ్చినోళ్లని రేపట్నుంచి పన్లోకి పిలవను!"

ఆడవాళ్లు జంకారు. ఇమాం బీ మాత్రం ముఠా మేస్త్రిని చూసి నవ్వింది. "ఆయన పిలవకపోవడమేంటి మంగాయమ్మా? చుండూరోళ్లు నీ ముఠా కోసం రోజూ కాళ్లరిగేలా తిరుగుతున్నారు. నువ్వు అటెళ్తే ఈయన నారు ముదిరిపోదూ?"

మంగాయమ్మ పకపకా నవ్వి చెయ్యి చాపింది. "తీసుకో పాపా. చుక్క నెత్తురు పోతే చావనులే."

గొట్టం నిండింది. ఇమాం బీ ఆనందం పట్టలేక టిఫిను గిన్నె మూత తీసింది. అందులో గోరింటాకు ముద్ద. బురదలో దిగే ఆడవాళ్లు గోళ్లకీ కాళ్లకీ పెట్టుకుంటారని తెల్లారే నూరి తెచ్చింది.

"నెత్తురిచ్చినోళ్లకే!" అని కేకేసింది.

అంతే, ముఠా అంతా వరస కట్టింది. గొట్టాల మీద తలొంచుకున్న ఆఫ్రీన్ ఎర్రబడ్డ వేళ్లని ఆలస్యంగా చూసింది.

"దాదీ, ఎంత పని చేశావ్!"

హనుమయ్య ఊరుకుంటాడా? మర్నాడే బస్సెక్కి కళాశాలకు పోయి చెప్పాడు. అక్కడ పరిశోధనల తీరు చూసే కమిటీ ఆఫ్రీన్‌ని పిలిపించింది.

"ఎర చూపి తీసిన రక్తం చెల్లదు," అన్నాడు పెద్దసారు.

గుమ్మంలోంచి ఇమాం బీ లేచింది. "పిడికెడు ఆకు లంచమా సార్? మా పెరట్లో కోసిందండీ!"

"అందరికీ పెడితే మర్యాద. ఇచ్చినవాళ్లకే అంటే లంచమేనమ్మా."

ఇమాం బీ మళ్లీ గుమ్మంలోనే కూలబడింది. బల్ల మీద కూర్చున్న హనుమయ్య ముసిముసిగా నవ్వాడు. "ఇప్పుడు చెప్పు బీబమ్మా, ఎలకలెవరివి?"

గొట్టాలన్నీ పక్కన పెట్టారు. గిన్నె మూత తీయకముందు ఇచ్చిన మంగాయమ్మ గొట్టం ఒక్కటే నిలిచింది. దాని పుణ్యాన సీటు పోలేదు. మనిషిని ఎలా అడగాలో నేర్చుకురమ్మని, అవే నిధులతో, వచ్చే నాట్ల దాకా ఆఫ్రీన్‌ని మద్రాసు పంపించారు. ఇమాం బీ పొలంలో అడుగు పెట్టకూడదని కూడా చెప్పారు.

తెనాలి బస్టాండులో హనుమయ్య ఎదురుపడి ఎకసెక్కమాడాడు. "పిల్ల మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పు, గట్టుకి ముళ్లకంప కొట్టిస్తా."

ఇమాం బీ కొంగు బిగించింది. పదిలో ఫస్టు దగ్గర మొదలుపెట్టి, పతకం మీదుగా, మద్రాసు ట్రైనింగు దాకా ఒక్కటీ వదలకుండా ఆయన మొహాన చదివింది.

"కంప కొట్టించుకోండి. నేను రాను, అదొక్కతే చాలు. మంగాయమ్మ మళ్లీ చెయ్యి చాపుతానంది. తారీకు గుర్తు పెట్టుకోండి హనుమయ్యగారూ: 2008 జులై పది, గురువారం."