అంగుళం మేస్త్రి సంతకం

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అంగుళం మేస్త్రే. గోడ కట్టడం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. కట్టేవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాడు. స్థలాలు కొలవడమూ అంతే. పట్నం ఇటువైపు పెరగడం మొదలైన కొత్తలో ఈ వీధిలో సగం స్థలాలకి హద్దులు వేసింది ఆయనే. ఎవరైనా "ఓ అంగుళం అటూ ఇటూ ఉంటుందేమో మేస్త్రీ" అంటే, "అంగుళం నీకు చిన్నదేమో, నాకు కాదు" అని టేపు చుట్టుకుని వెళ్ళిపోయేవాడు. పేరు అలా వచ్చింది. ఇన్నేళ్ళలో "తప్పయింది" అన్న మాట ఆయన నోట రాలేదు.

ఆ మాటతో అవసరం మేనకోడలి ఇంటి విషయంలో పడింది.

మేనకోడలు కంటి ఆసుపత్రిలో నర్సు, భర్త బస్సు డ్రైవరు. ఇద్దరు పిల్లలతో మేడమీద రెండు గదుల్లో అద్దెకుంటున్నారు. వంటింట్లోకి ఒకరు వెళ్ళాలంటే ఇంకొకరు బయటికి రావాలి. ఆ చుట్టుపక్కల స్థలాల ధరలు అడగడం కూడా మానేశారు. మిగిలిన దారల్లా తల్లి ఇంటి స్థలాన్ని రెండు చేసి, ఖాళీ సగంలో ఇల్లు కట్టుకోవడం. తల్లి, అంటే మేస్త్రి అక్క, మారు మాట లేకుండా ఒప్పుకుంది. ఒప్పుకోనిది పట్టణ కార్యాలయం. ఒక్కో ఇంటికి కనీసం నూటయాభై గజాల స్థలం ఉండి తీరాలని కొత్త నిబంధన. అప్పట్లో మేస్త్రే కొలిచి రాయించిన కాగితంలో ఉన్నది నలభై నాలుగడుగుల వెడల్పు, అరవై ఒక్క అడుగుల పొడవు. గజాల్లో రెండు వందల తొంభై ఎనిమిది.

"రెండు గజాలే కదండీ తక్కువ," అంది మేనకోడలు ప్లాన్లు చూసే గుమాస్తాతో.

"మీకు రెండు వదిలేస్తే రేపు ఇంకొకరు నాలుగంటారమ్మా. ఇరుకిళ్ళు వస్తే పేట అందం పోతుందట."

"మా అద్దింటికి రండి ఓసారి, అందం చూద్దురుగాని."

గుమాస్తా నవ్వాడు గానీ ఫైలు వెనక్కిచ్చేశాడు. "మళ్ళీ కొలిపించండి. పాత కొలతలో పొరపాటుంటే చూద్దాం."

ఆ మాట చెవిన పడగానే మేస్త్రికి ఒళ్ళు మండింది. "నా కొలతలో పొరపాటా? ఇప్పుడే తేలుస్తా!" అని ట్రంకు పెట్టెలోంచి పాత గుడ్డ టేపు తీశాడు. పని నేర్చుకునే రోజుల్లో పాత సామాన్ల కొట్లో కొన్నది. ఇప్పుడు స్టీలు టేపు వాడుతున్నా, పేరు తెచ్చింది ఇదే. ఒక కొస మేనకోడలి భర్త పట్టుకున్నాడు. నలభై నాలుగు. అరవై ఒకటి. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశారా!" అని మీసం దువ్వాడు.

"చూశాం. నువ్వు గెలిచావు మావయ్యా," అంది మేనకోడలు. "ఇల్లే పోయింది."

మేస్త్రి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. మెట్టు మీద బఠాణీలు ఒలుస్తున్న అక్క తలెత్తకుండానే అంది:

"ఒరే, స్థలాన్ని టేపు కొలిచింది సరే. టేపుని ఎవరు కొలిచార్రా?"

"నీకేం తెలుసక్కా, ఊరుకో!"

ఆవిడ ఊరుకుంది. ఆయనే ఊరుకోలేకపోయాడు. భోజనం మధ్యలో లేచి వెళ్ళి, పెరట్లో రెండు టేపులూ పక్కపక్కన పరిచాడు. గుడ్డ టేపులో యాభై అడుగుల గీత ఉన్నచోట స్టీలు టేపులో యాభై అడుగుల ఆరంగుళాలుంది. తన చేతికి వచ్చేసరికే ఎవరో లాగి లాగి సాగదీసిన టేపన్నమాట. స్టీలు టేపుతో స్థలం కొలిచాడు. మూడు వందల నాలుగు గజాలు.

ఎవరూ చూడలేదు. రెండూ చుట్టేసి నోరు మూసుకుంటే పేరు పదిలం. చుట్టాడు కూడా. మళ్ళీ విప్పి, "అమ్మాయ్, ఓసారి ఇలా రా," అని కేకేశాడు.

మర్నాడు కార్యాలయంలో, తేడాకి కారణం రాయాల్సినచోట "టేపు సాగినది" అని రాశాడు.

"టేపు సంతకం పెట్టదు మేస్త్రీ. 'నా కొలత తప్పు' అని రాసి మీరు పెట్టాలి," అన్నాడు గుమాస్తా.

"తప్పు టేపుదండీ."

"టేపుని నమ్మిందెవరు?"

మేస్త్రి కలం పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. వెనక వరసలోంచి ఎవరో, "కానివ్వవయ్యా, మా కాగితాలూ ఉన్నాయి!" అన్నారు. ఆయన రాశాడు. ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి అక్షరాలు బాగా చిన్నవైపోయాయి.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. "'నా కొలత' తరవాత ఇదేంటి, ఈగ వాలిందా?"

"తప్పు!" అన్నాడు మేస్త్రి, హాలంతా వినబడేలా. ఆ ఊపులోనే పెద్దక్షరాలతో మళ్ళీ రాసి సంతకం పెట్టాడు.

కార్యాలయం మనిషి వచ్చి కొలిచి, లెక్క సరిపోయిందన్నాడు. మూడు వారాలకి అనుమతి వచ్చింది. స్థలం మధ్యన హద్దు తాడు కట్టేరోజు స్టీలు టేపు రెండో కొస మేనకోడలే పట్టుకుంది.

"నూటయాభై రెండు వచ్చిందా మావయ్యా?"

"వచ్చింది. కదలకు, ఇంకోసారి చూస్తా."

"వచ్చిందన్నావుగా?"

"అన్నాను," అన్నాడు మేస్త్రి, నేల మీదికి వంగి. "గట్టిగా లాగకు. ఊరికే పట్టుకో."